సేద్యగాడు ఓడిన ఆటలు

మా ఎస్తేరక్క ఫోనులో కుశలప్రశ్నలు వేయదు. "మోకాలు కోసి వేరేది పెట్టినారు. చూసేదానికి వస్తావా, రావా? వచ్చేట్టయితే ఎర్రగడ్డలు మోసుకొని రావాకు, ఈడ శానా ఉండాయి" అని చెప్పి పెట్టేసింది. కర్నూలు నుంచి ఎవరొచ్చినా ఉల్లిగడ్డలు తెస్తారని ఆమె నమ్మకం. నేను కర్నూల్లో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె నంద్యాలలో ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా చేసి నాకన్నా ముందే రిటైరైంది. మా ఇద్దరి మధ్య బస్సు దూరం పెద్దదేమీ కాదు, పాణ్యం దాటాక ఒక కునుకు తీస్తే నంద్యాల వచ్చేస్తుంది. అయినా వయసు మీద పడ్డాక ఆ కాస్త దూరానికి కూడా ఎవరిదో ఒక ఆపరేషన్ సాకు కావలసి వస్తోంది.

నేను వెళ్ళేసరికి అక్క కట్టు కట్టిన కాలును స్టూలు మీద చాపుకొని, టీవీలో మాట్లాడేవాళ్ళకు ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ కూర్చుంది. కాలు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. "బిరీన మొగం కడుక్కొని స్టేడియంకు పో. దీవెన ఆట ఉండాది. వాళ్ళమ్మకు ఆస్పత్రిలో డ్యూటీ, వాళ్ళ నాయన లారీ తోలుకొని పోయినాడు, నేను చూస్తే ఇట్ల పడుండా. చూసొచ్చి నాకు బాలు బాలుకు చెప్పాల" అంది. దీవెన ఆమె కొడుకు కూతురు, తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల ఆడేది బేస్‌బాల్. నన్ను పిలిపించింది మోకాలి కోసం కాదు, ఈ ఆట కోసమని అప్పుడర్థమై నవ్వొచ్చింది. అక్కకు ఎప్పుడూ తన పనే ముందు.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఒకరు బంతి విసురుతారు, ఇంకొకరు గుండ్రటి కట్టెతో దాన్ని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి రావాలి. విసిరిన బంతి కొట్టేవాళ్ళ మోకాలికీ రొమ్ముకూ మధ్యగా పోవాలి. నాలుగుసార్లు పక్కదారి పట్టిందంటే కొట్టేవాళ్ళు కట్టె కింద పడేసి, తీరిగ్గా మొదటి మూలకు నడిచిపోవచ్చు. దీవెన విసిరే పిల్ల. నేను పోయి గ్రౌండు అంచున టార్పాలిన్ నీడలో కూర్చున్నాను. పక్కన కూర్చున్న పిల్ల ఒళ్ళో తోలు గ్లౌజు ఉంది. ఎండకు కాగిన తోలు, దానికి పట్టించిన నూనె, చెమట, మూడూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన నాకు కొత్తది కాదు. అది ఆళ్ళగడ్డలో మా ఇంటి దూలం మీద ఉండిన రేకు డబ్బా వాసనకు చుట్టం.

ఆళ్ళగడ్డలో మా నాయన మిషన్ బడిలో పంతులు. అమ్మ కొంత కయ్య సొంతంగా సాగు చేసేది, ఆ పని లేని రోజుల్లో కూలికి పోయేది. నాయనను కన్న మా అవ్వకు అప్పటికే రెండు కళ్ళూ పోయాయి. తెల్లారకముందే ఆమె మంచం మీద కూర్చుని కీర్తన అందుకునేది, ఆ గొంతుకు మేం లేచేవాళ్ళం. వేపపుల్ల, బావినీళ్ళు, అమ్మ పొయ్యిలో తోసే కందికట్టె పొగ. ఇవి మా పొద్దులు. మా కిరస్తానం ఇళ్ళలో పిల్లలకు కంఠత వాక్యం తప్పదు. ముందు అధ్యాయమూ వచనమూ చెప్పాలి, తరువాత వాక్యం చెప్పాలి, చివర మళ్ళీ అధ్యాయమూ వచనమూ చెప్పి ముగించాలి. మధ్యలో ఒక్క మాట జారినా మొదటికి రావాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకు సండేస్కూల్లో బొమ్మ కార్డు ఇచ్చేవాళ్ళు, ముందువైపు గొర్రెలకాపరి బొమ్మ, వెనుక వాక్యం. ఆ కార్డుల కోసం పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్ళం. సండేస్కూలు నడిపేది నాయనే కాబట్టి కార్డులు అయిపోయినప్పుడల్లా ఆయనకు దిగులు.

నంద్యాలలో ఆడపిల్లల హాస్టలు చూసుకునే దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోతూ, సామానంతా చుట్టుపక్కల సంఘాలకు ఇచ్చి పోయింది. ఆమె ఆడించిన ఆట తాలూకు బ్యాటు, గ్లౌజులు హాస్టల్లోనే ఉండిపోయాయి. ఒక రేకు డబ్బా మాత్రం మా ఆళ్ళగడ్డ చర్చికి వచ్చింది. కోత పండుగనాడు జనం దేవునికి తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్న కంకులు వేలం వేస్తారు కదా, ఆ డబ్బాను కూడా కోడికీ గుమ్మడికాయకూ మధ్య పెట్టి పాట పెట్టారు. మూత తీస్తే తోలు, నూనె వాసన, దూరానికి కనబడేవి నిండా బొమ్మ కార్డులు! నాయన ఇంక ఎవరినీ నోరెత్తనీయలేదు. సంఘపెద్ద ఒకాయన "ఏంది పంతులూ, డబ్బాకు అంత పాటనా?" అని ఎగతాళి చేసినా వెనక్కి తగ్గలేదు. ఇంటికొచ్చి లాంతరు ముందు పెట్టుకుని చూస్తే కార్డుల మీద గొర్రెలకాపరీ లేడు, దావీదూ లేడు. చారల బట్టలు, టోపీలు పెట్టుకున్న దొరలు కట్టెలు భుజాన వేసుకుని మావైపు చూస్తున్నారు. వెనుక వాక్యం ఉండవలసినచోట అంకెలు, ఇంగ్లీషు వరుసలు ఉన్నాయి. నాయన కాసేపు కార్డులను తిరగేసి మరగేసి చూసి, "కొన్నది కొన్యాం. చదవాల్సిందే" అన్నాడు.

అట్లా మా ఇంట్లో బేస్‌బాల్ మొదలైంది. ఆట చూసినవాళ్ళు లేరు, బంతి లేదు, కట్టె లేదు. ఉన్నవన్నీ ఆ దొరల గొప్పలే. వాళ్ళ పేర్లు మా నోరు తిరగక నాయనే బొమ్మను బట్టి పేర్లు పెట్టాడు. బుగ్గలో పొగాకు ముద్ద దాచుకున్నవాడు పొగాకాయప్ప. ఏళ్ళ తరబడి ఒక్క ఆట కూడా తప్పకుండా హాజరైనవాడు నాగాలేనాయప్ప. చిన్నప్పుడు పొలంలో మిషనులో పడి వేళ్ళు తెగిపోతే, ఆ తెగిన చేతితోనే ఎవరికీ అందని వంకర బంతులు విసిరిన ఆయన మొండివేళ్ళాయప్ప. ఆయనంటే అమ్మకు ప్రాణం. గానుగలో చెయ్యి నలిగిన మనుషులను ఆమె ఎరుగును, వాళ్ళెవరికీ దాంతో పేరు రాలేదు. నాయన ఆ ఇంగ్లీషు వరుసలను తనకు తెలిసిన ఒకే ఒక్క గొప్ప తెలుగులోకి, అంటే బైబిలు తెలుగులోకి మార్చాడు. "నాగాలేనాయప్ప. ఇతడు జ్వరము వచ్చిన దినమునను ఆడెను. నాగాలేనాయప్ప" అని ముందూ వెనుకా పేరు చెప్పి మేం ఒప్పజెప్పాలి. గుడ్డి అవ్వ మూలన మంచం మీద కళ్ళు మూసుకుని వినేది. ఒక్కొక్కరి గొప్ప పూర్తికాగానే నిండు మనసుతో "ఆమేన్" అనేది. వీళ్ళు బంతాట ఆడే దొరలని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాత నిబంధనలో ఎక్కడో ఉన్న పరాక్రమశాలులనుకునే ఆమె చివరిదాకా ఉంది.

పరీక్ష పెట్టేది మాపటి సంగటి వేళ. అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న సంగటిని తడిచేత్తో ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, అందులో వేరుశనగలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టి, అరచేతిలోకి ఇచ్చేది. నాయన ప్రశ్న వేసేవాడు. ముందు చెప్పినవాళ్ళ ముద్దలో వెన్న పడేది. ఆ వెన్న కోసం నేను నేర్చుకున్న అంకెలు ఇప్పటికీ తలకిందులుగా చెప్పగలను, ఎవరూ అడగరు గాని. ఆ డబ్బా కార్డుల్లో అందరికన్నా పెద్దాయన సేద్యగాడు. సేద్యం ఇంటినుంచి వచ్చిన బలమైన మనిషని పెట్టిన పేరు. విసిరేవాళ్ళలో అతనికన్నా ఎక్కువ ఆటలు గెలిచినవాడు పుట్టలేదు. అయితే అతని కార్డు వెనుక రెండో వరుస ఒకటి ఉండేది. అందరికన్నా ఎక్కువ ఆటలు ఓడినవాడు కూడా అతడే అని. నాయన ఆ వరుస మీద వేలు పెట్టి, "ఇది అచ్చు తప్పు. ఎవురిదో వరుస తెచ్చి ఈడ ఏసినారు. వదిలెయ్యండి" అన్నాడు. బైబిలులో ఒక్క పొల్లు తీసేయనివ్వని మనిషి మా చేత ఒక వరుస మొత్తం వదిలేయించాడు.

ఎస్తేరక్కది పుట్టుకతో గట్టి చెయ్యి. జొన్న పాలపట్టే రోజుల్లో అమ్మ కయ్యలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిందంటే, గువ్వలు పక్క కయ్యకు కాదు, పక్క ఊరికి పోయేవి. పెద్దబడికి ఆమెను నంద్యాల హాస్టల్లో వేసినప్పుడు, దొరసానమ్మ వదిలిపోయిన గ్లౌజులు అక్కడ ఎదురుచూస్తూ ఉన్నాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ ఆట గురించి చెప్పేది, మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం. కార్డుల్లో ఉన్న దొరల్లో మా ఇంటి మనిషి కూడా కలిసినట్టు నాయన మీసం దువ్వుకునేవాడు. హాస్టలు జట్టు కర్నూలుకు పోయి ఆడబోతోందని, అక్కే విసురుతుందని కబురు వచ్చినరోజు నాయన బడిలో పిల్లలకు బెల్లం పంచాడు.

కర్నూల్లో ఓడిపోయారు. ఎట్లా ఓడిపోయారో అక్క తరువాత చెప్పింది. మొదటి బంతి పక్కకు పోయింది, రెండోది పోయింది, ఆమీదట చెయ్యి ఆమె మాట వినలేదు. అవతలి పిల్లలు కట్టె ఊపవలసిన పని కూడా లేకుండా ఒకరి వెనుక ఒకరు నడుచుకుంటూ చుట్టివచ్చారట. హాస్టల్లో అన్నం దగ్గర పిల్లలు చేతులు ఊపుకుంటూ ఆ నడక నడిచి చూపించారట. మూడో రోజు మధ్యాహ్నం అక్క రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సు దిగింది. "నేను ఇంగ పోను. ఆటకూ పోను, బడికీ పోను" అని చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది. ఇది చిన్న మాట కాదు. మా వీధిలో అంతకుముందు నంద్యాల పోయి పెట్టెతో తిరిగొచ్చిన ఆడపిల్లలు ఉన్నారు, వాళ్ళలో ఒక్కరూ మళ్ళీ పోలేదు. పత్తి తీసేదానికి పోయారు, తరువాత అత్తగారింటికి పోయారు. అక్క పెట్టె నట్టింట్లో ఉన్నంతసేపూ నాకు ఏడుపొస్తూనే ఉంది. నాయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. దూలం మీది డబ్బా దించుకుని, కార్డులన్నీ చాప మీద పరిచి, పొద్దుగూకేదాకా వాటిముందే కూర్చున్నాడు.

మాపు అమ్మ సంగటి దించింది. అక్కను లేపి కూర్చోబెట్టారు గాని చేతులు ఒళ్ళోనే ముడుచుకుంది. అమ్మ చేతిలో ముద్ద ఆవిర్లు కక్కుతోంది. నాయన ఏమీ జరగనట్టు ప్రశ్న వేశాడు.

"అందరికన్నా ఎక్కువ ఆటలు గెలిచినాయప్ప ఎవురు?"

"సేద్యగాడు" అన్నాను నేను, వెన్న మీద కన్నుతో.

"అందరికన్నా ఎక్కువ ఓడినాయప్ప?"

అది మేం వదిలేసిన వరుస.

"సేద్యగాడే" అన్నాడు నాయన. "అది అచ్చు తప్పు గాదు. అన్ని కార్డులూ పక్కపక్కన పెట్టి చూసినా, ఆ వరుస ఇంకెవురిదీ గాదు. తప్పు నాదే."

అమ్మకు చదువు రాదు, ఆ దొరల మీద పెద్ద గౌరవమూ లేదు. కానీ ఆ మాట ఆమెకు కొరుకుడు పడలేదు. "ఏందీ? అన్ని తూర్లు ఓడినాక గూడా ఆయప్పకే ఇచ్చినారా బాలు?"

"ఇచ్చినారు."

"ఆయప్ప తీసుకున్యాడా?"

"తీసుకున్యాడు. తీసుకోకుంటే అన్ని ఎట్ల ఓడతాడు?"

"ఇంగేముంది మరి" అంది అమ్మ. "ఎస్తేరూ, చెయ్యి పట్టు. ముద్ద సల్లారిపోతాంది."

నాయన మెల్లగా అందుకున్నాడు, "సేద్యగాడు. ఇతడు అందరికంటె అధికముగా గెలిచెను, అందరికంటె అధికముగా ఓడెను. సేద్యగాడు." మూలనుంచి అవ్వ "ఆమేన్" అంది. అంతటి దుఃఖంలోనూ అక్కకు నవ్వు తన్నుకొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే చెయ్యి పట్టింది. ఆరోజు వెన్న నాకు రాలేదు, ఆమె ముద్దలో పడింది. పొద్దున మొదటి బస్సుకు రేకు పెట్టె మళ్ళీ నంద్యాల పోయింది. బస్సు మలుపు తిరిగేదాకా నాయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇదంతా తలుచుకుంటూ కూర్చున్న నాకు స్టేడియంలో జరుగుతున్నది కాస్త ఆలస్యంగా కంటబడింది. దీవెన విసిరిన బంతి పక్కకు పోయింది. మరొకటి పోయింది. అవతలి పిల్లలు ఒకరి తరువాత ఒకరు కట్టె కింద పెట్టి నడవడం మొదలుపెట్టారు. ఆ నడక నేనెప్పుడూ చూడలేదు, కానీ చూడగానే గుర్తుపట్టాను. ఆట ముగిశాక ఆ పిల్ల నాకోసం ఆగకుండా సైకిలెక్కి వెళ్ళిపోయింది. నేను ఆటో ఎక్కి ఇల్లు చేరేసరికి దాని కిట్టు బ్యాగు మంచం కిందికి వెళ్ళిపోయింది, పిల్ల గోడవైపు తిరిగి ఫోను చూస్తోంది. మర్నాడు పొద్దున ఇంకో ఆట ఉంది. దాన్ని చూసే జిల్లా జట్టుకు పిల్లలను ఏరుకుంటారట. "నేను పోను. ఇంగ ఎప్పటికీ పోను. స్కూల్లో వీడియో అందరికీ పంపినారు" అంది గోడకు చెబుతున్నట్టు. మా కాలంలో ఓడిన నడకను అన్నం దగ్గర నలుగురు పిల్లలు నడిచి చూపిస్తే చాలు, పెట్టె సర్దుకునేవాళ్ళం. ఇప్పుడది ఊరూరూ తిరిగివస్తుంది. ఈ ఒక్క విషయంలో మా రోజులే మేలని నాకు గట్టిగా అనిపించింది.

అక్క లేవలేదు కాబట్టి వంట నేనే చేశాను. ఇప్పుడు సంగటి కుక్కర్లో ఉడుకుతుంది, ఊరిబిండిని మిక్సీ చేస్తుంది. కందికట్టె పొగ లేదు, కళ్ళ మంట లేదు, దానికి నాకేమీ బాధ లేదు. గిన్నె తెచ్చి అక్క మంచం దగ్గరే కింద కూర్చున్నాను. దీవెనను కేకేస్తే వచ్చి కూర్చుంది, తిననని ముందే చెప్పింది. అక్క నావైపు చూసి కన్ను గీటింది. ఆమె ఏం చేయబోతోందో నాకు తెలిసిపోయింది.

"పాపా, అందరికన్నా ఎక్కువ ఆటలు గెలిచినాయప్ప ఎవురో చెప్పు?"

దీవెన ఫోను మీద బొటనవేలు ఆడించి, ఇంగ్లీషు పేరు ఒకటి గడగడ చదివింది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇన్నేళ్ళలో ఆ మనిషి అసలు పేరు సరిగ్గా వినడం అదే మొదలు. "ఆ పేరు మాకొద్దు. ఆయప్ప మాకు సేద్యగాడు" అంది అక్క విసుగ్గా. "సరే. అందరికన్నా ఎక్కువ ఓడినాయప్ప?"

"ఆయనే అవ్వా. పక్కనే రాసినారు."

అంతే. ఒకప్పుడు నాయన పొద్దుగూకేదాకా కార్డుల ముందు కూర్చుని తేల్చుకున్న ప్రశ్న, మా ఇంట్లో ఒక మనిషిని నిలబెట్టిన ప్రశ్న, ముద్దలో ఆవిరి కూడా తగ్గకముందే అయిపోయింది. అక్క మొహం చిన్నబోయింది. ఇంతకాలం బడిలో ఓడిన ప్రతి పిల్లకూ ఆమె ఇదే ప్రశ్న వేసి ఉంటుంది. ఇప్పుడది చెల్లని కాసు. నాకు ఆమెను చూస్తే జాలేసింది. దీవెన మాత్రం ఫోనులోంచి తలెత్తకుండా, "నువ్వు ఎన్ని ఓడినావవ్వా? నీది ఇందులో ల్యాదు" అంది.

"నాదెవురు రాస్తారే?" అంది అక్క. తరువాత వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ కట్టుకుంది. ఆ కూర్చునే తీరు నాకు తెలుసు. చిన్నప్పుడు లాంతరు ముందు ఒప్పజెప్పేటప్పుడు అట్లాగే కూర్చునేది.

"ఎస్తేరు. కర్నూలులో ఓడెను. మరల పాణ్యములో ఓడెను. బనగానపల్లెలో వాన వచ్చి ఆట నిలిచిపోయెను, లేనియెడల అక్కడను ఓడియుండును. సంజామల పిల్లల చేతిలో ఎండలో ఓడెను. ఉద్యోగము వచ్చిన పిమ్మట తన బడి పిల్లలను తీసుకొనిపోయి వారితో కూడ ఓడెను. తాను నేర్పిన పిల్ల వేరొక బడికి పోయి ఎదురు నిలువగా దాని చేతిలోను ఓడెను. ఎస్తేరు."

నాకు తెలియకుండానే "ఆమేన్" అనేశాను. నా గొంతు అచ్చం మా అవ్వ గొంతులా వినబడి నేనే ఉలిక్కిపడ్డాను. అక్క నన్ను చూసి పగలబడి నవ్వింది, నవ్వితే మోకాలు గుంజి "అయ్యో దేవుడా" అని మూలిగింది. దీవెనకు ఏమీ అర్థం కాలేదు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇన్ని ఓడినావని నాకెప్పుడూ చెప్పల్యా" అంది.

"నువ్వు అడగల్యా."

నేను తడిచేత్తో ముద్ద చేసి, గుంట నొక్కి, ఊరిబిండి పెట్టాను. వెన్న డబ్బా కోసం ఫ్రిజ్ దాకా పోయివచ్చాను. ఆ పిల్ల ఇంకా మంచం కింది బ్యాగు వైపే చూస్తోంది. చెయ్యి పట్టమని నేను అనలేదు, అక్కా అనలేదు. దీవెన ఫోనును నేల మీద బోర్లించి పెట్టి, చెయ్యి పట్టింది.